ఛాతీ లోతు నీళ్లు

తిరుమలగిరి
ఫిబ్రవరి 3, 2023

చెల్లె అండాలుకు అక్క వెంకటనర్సమ్మ దీవెనలు.

ఫోన్ చేసి చేసి విసిగిపోయి ఉంటావు. నా చెవుల సంగతి నీకు తెలుసు. ఫోన్ పెట్టుకుంటే జుమ్మనే చప్పుడు తప్ప నీ మాట ఒక్కటీ వినపడదు. మురళీమోహన్ పక్కన నిలబడి నువ్వన్నదంతా నా చెవిలో అరుస్తాడు. అక్కాచెల్లెళ్ల మాటలు కొడుకు నోట వినడం నాకు ఇష్టం లేదు. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

మోకాళ్లు బాగా చెడ్డాయి. పోయిన గురువారం మురళి ట్రాక్టర్ల షోరూముకు పనికి పోయాడు, కోడలు మంజుల పుట్టింటికి పోయింది. నేను మగ్గం మీద కూర్చున్నాను. మధ్యాహ్నం అన్నం తిందామని లేవబోతే మగ్గం కింది గుంటలోంచి కాలు పైకి రాలేదు. తొడ లోతు గుంట అది. యాభై ఏళ్లుగా అందులో కాళ్లు పెట్టుకొని నేసిన దాన్ని. ఒక కాలు గట్టు మీద పెట్టి లేవాలి, అంతే. ఆ కాలు లేవలేదు. పొద్దు వాలేదాకా అందులోనే కాసేపు నిలబడి, కాసేపు కూర్చొని ఉన్నాను. చివరికి వాడకట్టు మగవాళ్లు ఇద్దరు వచ్చి చంకల కింద చేతులు వేసి లాగారు. అప్పటికి నా చీర తడిసి ఉంది. ఇంతకంటే రాయలేను.

ఆ సాయంత్రమే, మంజుల కూడా పుట్టింటి నుంచి వచ్చాక, మురళి అన్నాడు: "గిట్ల గాదమ్మా. ఈ పడుగు అయిపోయినంక గుంట పూడుస్త. సిమెంటు పోసి బండలు పరిపిస్త. నువ్వు కుర్సీల కూసోని టీవీ చూడు." నేను ఒప్పుకోలేదు. చాలాసేపు వాదించుకున్నాం. చివరికి ఒక మాట మీదికి వచ్చాడు. పడుగు అయిపోయిన రోజు నేను ఎవరి చెయ్యీ పట్టకుండా గుంటలోంచి పైకి వస్తే మగ్గం ఉంటుంది. రాలేకపోతే పూడుస్తాడు. మగ్గం మీద ఇప్పుడున్నది ఏడు చీరలకు సరిపడా పోగులు చుట్టిన పడుగు. మునుపైతే నెల రోజుల్లో దిగేది. ఇప్పుడు మూడు నాలుగు నెలలు పడుతుందేమో.

మగ్గం పోతే నేను ఈ ఇంట్లో ఎందుకుంటానో నాకే తెలియదు. అన్నానికి పిలిస్తే పోవడం, పడుకోమంటే పడుకోవడం తప్ప ఇంకేముంది?

మరునాడు పొద్దున్నే స్నానానికని, గొర్లు కాసే బీరప్ప పొలంలోని బావికి పోయాను. మోట కొట్టిన కాలం నాటి పెద్ద బావి. కాలువ నీళ్లు వచ్చినప్పటి నుంచి నిండుగా ఉంటుంది. మెట్లు దిగి ఛాతీ దాకా నీళ్లలోకి పోయాను. అండాలూ, మోకాళ్లు నొయ్యలేదు. అటూ ఇటూ నడిచి చూశాను. అయినా నొయ్యలేదు. పైకి వచ్చాక మళ్లీ మామూలే. ఎందుకట్లా? నువ్వు నర్సువు కదా, చెప్పు.

మీ అక్క


కొల్లాపూర్
ఫిబ్రవరి 12, 2023

అక్కా, నీ కాళ్లకు మొక్కుతున్నాను. ఈసారి ముఖ్యంగా మోకాళ్లకు.

నీ ఉత్తరం చూస్తే మన బడి పంతులు ఇంకా బతికే ఉన్నాడనిపించింది. ఏడో తరగతిలో నేర్పిన పుస్తకం భాషను ఒక్క పొల్లు పోకుండా దాచుకున్నావు. నోటితో ఒక తీరు, కలంతో ఒక తీరు మాట్లాడేది మన ఇంట్లో నువ్వొక్కదానివే.

గుంటలో ఇరుక్కున్న సంగతి చదివి చాలా బాధపడ్డాను. పూడ్చడం గురించి ఇప్పుడు ఏమీ రాయను. మురళి నీ మంచికే అని ఉంటాడు.

నువ్వు అడిగినదానికి జవాబు. ముప్పై రెండేళ్లు సర్కారు దవాఖానలో పనిచేశాను గాని నీళ్ల కసరత్తు సంగతి నాకూ సరిగ్గా తెలియదు. మహబూబ్‌నగర్ పోయినప్పుడు నాతో పనిచేసిన మల్లికను అడిగాను. కీళ్లు అరిగినవాళ్లకు కసరత్తు చేయించడం ఆమె పని. నీళ్లు మనిషి బరువును మోస్తాయట. ఛాతీ దాకా దిగితే మూడో వంతు బరువే కాళ్ల మీద పడుతుంది. అందుకే నొప్పి తెలియదు. కాని నీళ్లను తోసుకుంటూ నడవాలి కాబట్టి తొడల కండలకు పని పడుతుంది. అరిగిన మోకాలు మళ్లీ పెరగదని, తొడల్లో బలం వస్తే మాత్రం మీ అక్క లేవగలదని చెప్పింది. పట్నాల్లో దీనికోసం గోరువెచ్చటి నీళ్ల కొలనులు ఉంటాయట. మనకు బీరప్ప బావి ఉంది.

మెల్లగా మొదలుపెట్టు. ముందుకు నడువు, వెనక్కి నడువు. మెట్టు పట్టుకొని ఒక్కో కాలు నడుము దాకా లేపు. అది కుదిరాక మునిగిన మెట్టు మీద కూర్చొని చేతులు ఆనించకుండా లేవాలి, పదిసార్లు. అసలు సంగతి ఇదే. వారానికి ఒక మెట్టు పైకి జరగాలి. పైకి వచ్చినకొద్దీ నీళ్లు నిన్ను మోయడం తగ్గుతుంది, నిన్ను నువ్వే మోసుకోవాలి.

ఒంటరిగా దిగవద్దు. మెట్ల పక్కన గట్టి తాడు కట్టించు. కళ్లు తిరిగితే వెంటనే పైకి రా. బీపీ గోలీ మరువకు.

ఒక మాట. ఇంట్లో నల్లా ఉండగా తెల్లారేసరికి ఊరి బయటి బావికి స్నానానికి ఎందుకు పోయావు?

నీ అండాలు


తిరుమలగిరి
మార్చి 5, 2023

చెల్లె అండాలుకు దీవెనలు.

నువ్వు చెప్పినట్టే చేస్తున్నాను. మూడు వారాలు కావస్తోంది. పాత నూలు చీర గోచి పెట్టి కట్టుకుంటాను. బీరప్ప తాడు కట్టాడు. నేను దిగినంతసేపు గొంగడి కప్పుకొని గట్టు మీద అటు తిరిగి కూర్చుంటాడు. నా వైపు చూడడు, కాని నీళ్ల చప్పుడు ఆగితే మాత్రం "నర్సమ్మా, ఉన్నవా?" అని అరుస్తాడు. ఆయన గొంతు నాకు బాగానే వినపడుతుంది. గొర్లను అదిలించిన గొంతు కదా.

లెక్క పెట్టుకోవడం మొదట్లో కష్టమైంది. తరువాత మగ్గం లెక్క పెట్టుకున్నాను. కుడికాలు లేపితే ఒక పోగు, ఎడమకాలు లేపితే ఒక పోగు. నూరు పోగులు పడితే నాలుగు వేళ్ల గుడ్డ నేసినట్టు. రోజూ నీళ్లలో జానెడు నేసి పైకి వస్తున్నాను. కాలికి అలవాటైన పనే కాబట్టి దానికి కొత్తగా ఏమీ నేర్పనక్కర లేకపోయింది.

ఇప్పుడు నడుము లోతు మెట్టు మీద కూర్చొని ఎనిమిదిసార్లు లేస్తున్నాను. తొమ్మిదోసారి తొడలు వణుకుతాయి. ఇంట్లో మరుగుదొడ్డి నుంచి లేవడానికి గోడ పట్టుకోవడం మానేశాను. నీకు ఇది నవ్వులాటగా ఉంటుందేమో, నాకు మాత్రం ఆ రోజు ఏడుపొచ్చింది.

ఇంట్లో బావి సంగతి చెప్పలేదు. పొద్దున నడవడానికి పోతున్నానని చెప్పాను. చెబితే ఆపుతారు. గుంటలోంచి మాత్రం ఇంకా మంజుల చెయ్యి పట్టుకొనే లేస్తున్నాను. రెండు చీరలు దిగాయి, ఇంకా అయిదున్నాయి. పడుగు అయిపోయేలోపు నేను తేరుకుంటాననే ఆశ ఉంది.

మీ అక్క


కొల్లాపూర్
మార్చి 24, 2023

అక్కా,

మురళి నాకు రెండుసార్లు ఫోన్ చేశాడు. రెండోసారి ఏడ్చాడు. నలభై ఆరేళ్ల మగవాడు.

బీరప్ప ఊళ్లో లేని రోజు ఒంటరిగా ఎందుకు దిగావు? ఒంటరిగా దిగవద్దని రాశాను. కలుపు తీయడానికి పోతున్న ఆడవాళ్లకు నీళ్ల మీద నీ తల ఒక్కటే కనబడిందట. నర్సమ్మ బాయిల పడ్డదని కేకలు పెట్టారట. వాళ్ల తప్పేముంది? మన దిక్కున ముసలామె తెల్లారి బావిలో కనబడితే ఇంకేమనుకుంటారు? కసరత్తు చేస్తుందని అనుకుంటారా? వాళ్ల కేకలు నీకు వినపడలేదు. నలుగురు దూకి నిన్ను గుంజుకొచ్చారు. మురళి షోరూము చొక్కాతోనే పరుగెత్తుకొచ్చాడు. నువ్వేమో నూరు పోగులు కాలేదని కొట్లాడావట.

నీ సంగతి అట్లా ఉంచు. మంజుల గురించి ఆలోచించావా? వీధి నల్లా దగ్గర ఆడవాళ్లు ఆమె మొఖం మీదనే అడిగారట, "అత్తకు బువ్వ పెడుతున్నవా లేదా?" అని. మూడు రోజుల నుంచి గడప దాటలేదట. తిండి కూడా సరిగ్గా తినడం లేదట. పద్దెనిమిదేళ్లుగా నీకు చేస్తున్న పిల్ల ఆమె.

బావి మానెయ్. మగ్గం కూడా చాలు. కొల్లాపూర్ రా. నా ఇంట్లో గడప లేదు, మెట్టు లేదు, కుర్చీలాంటి మరుగుదొడ్డి ఉంది. ఇద్దరం ఉందాం. ఎన్నాళ్లని పిలవాలి నిన్ను?

అండాలు


తిరుమలగిరి
మార్చి 31, 2023

అండాలుకు,

నువ్వు రాసినవన్నీ చదివాను. మంజుల విషయంలో నాదే తప్పు, ఒప్పుకుంటున్నాను.

నిన్న మురళితో గొడవైంది. నా గుంట పూడ్చాలన్న ఆలోచన నీకు ఎట్లా వచ్చిందిరా అని అడిగాను. వాడు తల దించుకొని, "నాకు రాలేదమ్మా. అండాలు చిన్నమ్మనే చెప్పింది" అన్నాడు. నేను గుంటలో ఇరుక్కున్న సాయంత్రమే నీకు ఫోన్ చేశాడట. "గుంట పూడ్చు, అప్పుడు గాని ఆమె కదలదు" అన్నావట.

నేను మొదటి ఉత్తరం రాసేనాటికే నీకు అంతా తెలుసు. అయినా నాకు కసరత్తు నేర్పావు. ఒక చేత్తో తాడు ఇచ్చి రెండో చేత్తో గుంట పూడ్చమన్నావు. ఎందుకో నాకు అర్థం కావడం లేదు. నేను కొల్లాపూర్ రాను.

వెంకటనర్సమ్మ


కొల్లాపూర్
ఏప్రిల్ 8, 2023

అక్కా,

అవును, నేనే చెప్పాను. దాచడం కూడా తప్పే.

దవాఖానలో తుంటి విరిగి వచ్చిన ముసలివాళ్లను ఎంతమందిని చూశానో నాకే గుర్తు లేదు. మంచం పట్టాక వాళ్ల కళ్లు ఎట్లా ఉంటాయో చూశాను. మురళి ఫోన్ చేసినప్పుడు నా కళ్ల ముందు వాళ్లే మెదిలారు. నువ్వు ఆ గుంటలో పడి మంచం పడతావని భయమేసింది. ఇది నిజం.

సగమే నిజం. మిగతా సగం రాయడానికి సిగ్గుగా ఉంది. ఆయన పోయి నాలుగేళ్లైంది. ఈ ఇంట్లో నేను మాట్లాడే మాటలు రోజుకు పది కూడా ఉండవు, అందులో సగం పాలవాడితో. నీకు మగ్గం లేకపోతే నా దగ్గరికి వస్తావనుకున్నాను. నా కోసం నీ గుంట పూడ్పించబోయాను.

తరువాత నీ ఉత్తరం వచ్చింది. నీళ్లలో మోకాళ్లు ఎందుకు నొయ్యవని అడిగావు. ఆ ప్రశ్న చదివితే చెప్పకుండా ఉండలేకపోయాను. ప్రతి ఉత్తరంలో నువ్వు ఒక మెట్టు పైకి వస్తుంటే సంతోషించాను, ఇక రాదులే అని దిగులు కూడా పడ్డాను. రెండూ నేనే.

నన్ను తిట్టు. కాని ఉత్తరం మానకు. ఇంకొకటి, ఆ పొద్దున బావికి ఎందుకు పోయావని నేను ఫిబ్రవరిలో అడిగినదానికి నువ్వింకా జవాబు ఇవ్వలేదు.

నీ అండాలు


తిరుమలగిరి
ఏప్రిల్ 17, 2023

అండాలూ,

ఇది పుస్తకం భాషల రాయ నాకు చాత గాదు. నోటికి వచ్చినట్టే రాస్తున్న.

నువ్వు అడిగిందానికి జవాబు. గా దినం నేను తానం చెయ్యనీకి పోలే.

ఇద్దరు మొగోళ్లు నన్ను గుంటలకెళ్లి గుంజినప్పుడు నా చీర తడిసున్నది. వాళ్లు చూసిండ్రు. చూడనట్టే పోయిండ్రు, మంచోళ్లు. గని నాకు తెల్వదా? పొద్దుమూకి మురళి గుంట పూడుస్త అన్నడు. నేను వాదించిన, ఒప్పించిన, నీకు రాసిన గదా. ఒప్పించి పండుకున్నంక అనిపించింది, ఏ కాలుతోని లేస్తవే ముసల్దానా, అని. తెల్లారి లేసి, చెవుల గంటీలు తీసి మంజుల గూట్ల పెట్టి, బీరప్ప బాయికి పోయిన.

ఒక్కొక్క మెట్టు దిగిన. మోకాళ్ల దాక వస్తే నొప్పి. తొడల దాక వస్తే నొప్పి. ఛాతి దాక వచ్చినంక నొప్పి పోయింది. పూరాగ పోయింది, అండాలూ. పదేండ్ల సంది లేని సుఖం. నేను ఏం చెయ్యనీకి వచ్చిన్నో మర్సిపోలే, యాదికే ఉన్నది. గని ఒక అడుగు ఏసి చూద్దామనిపించింది. ఏసిన. ఇంకోటి ఏసిన. అట్ల నడుస్తుంటే బీరప్ప మోటరు పెట్టనీకి వచ్చిండు. నన్ను చూసి బిగుసుకపోయిండు. "ఏం నర్సమ్మా?" అన్నడు. "కాళ్లు నొస్తున్నయి, నీళ్లల్ల నిలబడ్డ" అన్న. ఆయన నమ్మలే. నమ్మినట్టు చేసి, గట్టు మీద కూసున్నడు. నేను పైకి వచ్చేదాక లేవలే. గప్పటి సంది నేను దిగినప్పుడల్ల కూసున్నడు, ఎందుకు కూసున్నడో ఇద్దరికి ఎరుకే.

మొన్న ఊరోళ్లు అన్నది అబద్ధం గాదు. జర ఆలస్యంగ అన్నరు, అంతే. నేను కసరత్తుకే దిగిన్నని ఊరందరికి ఒట్టు పెట్టి చెప్పిన. అది గూడ నిజమే.

ఇగ ఫికర్ ఏందంటే, మంజుల. నిన్న నా పక్కన కూసోని మెల్లగ అడిగింది, "అత్తమ్మా, నాడు నా గూట్ల గంటీలు ఎందుకు పెట్టినవ్?" ఆ గంటీలు తెల్లారి నేను బాయికాడికెళ్లి వచ్చేసరికి నా దిండు కింద ఉండె. తీసినదెవరో, పెట్టినదెవరో ఇద్దరం మాట్లాడుకోలే. రెండున్నర నెలలు ఆ పిల్ల కడుపుల పెట్టుకున్నది. నల్లా కాడ ఆడోళ్లు అంటుంటే ఏమనలేక ఎందుకు ఊకున్నదో నాకిప్పుడు సమజైంది.

ఊరోళ్లు గుంజిన నాటి సంది బాయి బందైంది. నిజం చెప్తే ఇగ నన్ను ఎన్నటికి బాయి దిక్కు చూడనియ్యరు. బాయి లేకపోతే కాలు లేవదు. కాలు లేవకపోతే గుంట పూడుస్తరు. అబద్ధం చెప్తే మగ్గం దక్కుతదేమో. నేను ఆ పిల్లకు ఏం చెప్పాల్నో నువ్వే చెప్పు. నీ మీద కోపం పోయిందా అంటే, సగం పోయింది.

నీ అక్క


కొల్లాపూర్
ఏప్రిల్ 25, 2023

అక్కా,

తలుపు వేసుకొని చదివాను. ఆ సాయంత్రం నేను ఫోన్‌లో అన్న మాట నిన్ను ఆ బావి దాకా పంపింది. నువ్వు కాదన్నా నాకు అట్లాగే అనిపిస్తుంది, అనిపించనీ.

మంజులకు నిజం చెప్పు. మగ్గం పోతే పోనీ అని నేననను, ఆ మాట అనే హక్కు నాకు లేదు. కాని ఆమె నీ చావును రెండున్నర నెలలుగా ఒక్కతే మోస్తున్నది. ఒకసారి అబద్ధం చెబితే ఇక నువ్వు బతికినన్నాళ్లు మోస్తూనే ఉంటుంది. నువ్వు గుమ్మం దాటిన ప్రతిసారీ గూడు వెతుక్కుంటుంది.

ఇంకొక మాట, దవాఖాన మనిషిగా చెబుతున్నాను. ఆ ఆలోచన మళ్లీ వస్తే దాచుకోవద్దు. మంజులకు చెప్పు, మురళికి చెప్పు, నాకు చెప్పు. ఏ రోజైనా సరే, నేను బస్సెక్కుతాను. దానికి మందులున్నాయి, మాట్లాడే డాక్టర్లున్నారు. సిగ్గుపడాల్సింది అందులో ఏమీ లేదు.

నీ మాటల్లోనే రాస్తుండు. నాకు అమ్మ మాట్లాడినట్టే ఉంది.

అండాలు


తిరుమలగిరి
మే 29, 2023

అండాలూ,

జవాబు ఆలస్యమైంది. ఏమైతదో చూసినంకనే రాద్దామని ఆగిన.

నీ ఉత్తరం వచ్చిన దినమే మంజులకు అంతా చెప్పిన. చీర తడిసిన సంగతి గూడ చెప్పిన. ఆమె ఏడ్వలే, తిట్టలే. బియ్యం ఏరుతుండె, ఏరుకుంటనే విన్నది. చేట పక్కకు పెట్టి, "నాకు చెప్తే నేను చీర మార్వకపోదునా అత్తమ్మా?" అన్నది. రెండు దినాలు నాతోని మాట్లాడలే. మూడోనాడు పొద్దుగాల్ల నా పాత నూలు చీర మడత పెట్టుకొని గుమ్మంల నిలబడ్డది. "పాండ్రి బాయికి. నేను వస్త" అన్నది.

గప్పటి సంది దినాం మెట్ల మీద కూసుంటది. బీరప్పకు పని తప్పింది, గని అలవాటు పోక ఆయన గూడ వస్తడు. నెల రోజులు బాయి లేక కాళ్లు మల్ల మొద్దుబారినయి, మొదటికెళ్లి షురూ చేసినం. నేను లేస్తుంటే ఆమె లెక్కపెడ్తది. తక్కువ చేస్తే ఒప్పుకోదు. నల్లా కాడ ఆడోళ్లు ఏదో అంటే, "మా అత్త కసరత్తు చేస్తున్నది, మీరు గూడ రాండ్రి" అన్నదట. ఒకామె నిజంగనే వచ్చింది, దిగనీకి భయపడి పోయింది.

మురళికి అసలు సంగతి నేనే చెప్పిన. వాడు విని బయటికి పోయిండు. వచ్చినంక నా కాళ్ల కాడ కూసున్నడు. గని గుంట మాట మాత్రం ఇడ్వలే. "భయమైతున్నదమ్మా" అన్నడు. వాని భయం అబద్ధం గాదు. దవాఖానకు తీస్కపోయిండు, నువ్వు చెప్పిన డాక్టరు అసొంటాయనతోని రెండుసార్లు మాట్లాడిన. మంచిగనే అడుగుతడు, నా చెవుల కోసం కాయితం మీద రాసి అడుగుతడు.

నిన్న ఏడో చీర కోసినం. పడుగు అయిపోయింది. మురళి షోరూముకు పోలే. గుంట పూడ్సనీకి సుతారి మేస్త్రీ శ్రీశైలంను గూడ రమ్మన్నడు, సిమెంటు బస్తాలు గోడకు ఆనిచ్చి ఉన్నయి. మగ్గం మీద కూసోని ఉన్న, కాళ్లు గుంటల ఉన్నయి.

మొదలు లేసి నిలబడి, కుడికాలు లేపిన. గట్టు అందింది గని జారింది. రెండోసారి కాలు గట్టు మీద నిలబడ్డది. బరువు మోపంగనే తొడ గడగడ వణికింది, మల్ల కూలబడ్డ. నడుం చురుక్కుమన్నది. శ్రీశైలం దిక్కులు చూస్తున్నడు. మురళి నా దిక్కు వంగి చెయ్యి సాపిండు, వాని కండ్లల్ల నీళ్లు. ఆ చెయ్యి పట్టుకుంటే అయిపోతుండె. పట్టుకోబుద్ధి గూడ అయింది, అండాలూ, అబద్ధమెందుకు.

మంజుల అన్నది, "చెయ్యి ఇయ్యకుండ్రి."

"పడ్తదే" అన్నడు.

"పడితే నేను చూసుకుంట. మీరు చెయ్యి ఇయ్యకుండ్రి. ఆమెనే లేస్తది."

ఊపిరి తీసుకున్న. కాలు లేపి గట్టు మీద పెట్టి, తొడ మీద చెయ్యి ఆనిచ్చి, లేసిన. వణుక్కుంటనే లేసిన. రెండో కాలు వెంటనే రాలే, జరసేపు గుంటలనే వేలాడింది, తర్వాత వచ్చింది. నిలబడి చూస్తే మంజుల నా ఎదురుంగ, జానెడు దూరంల ఉన్నది. పట్టుకోకుండ ఉండనీకి తన రెండు చేతులు తనే వెనక్కి కట్టుకున్నది. ఎంత గట్టిగ పట్టుకున్నదో, ఇడ్సినంక చూస్తే మణికట్ల మీద గాజులు దిగబడ్డ మచ్చలున్నయి.

నీ అక్క
వెంకటనర్సమ్మ